నగరమును జూపువారు, నగరమున నుండువారు

పురాతన నగరములను గాలినడకన జూపు పద్ధతి నేడు మన దేశమున బెక్కు పట్టణములలో వ్యాపించుచున్నది. ఇది మెచ్చదగినదే. బండిలో బోవువానికి గోడ కనబడును గాని గోడమీది పనితనము కనబడదు. నడచువానికి రెండును గనబడును. అయినను, నడిపించువాడు నొక విధమున నుపాధ్యాయుడే కనుక, వాని బోధ యెట్లుండవలెనో విచారించుట మావంటి బడిపంతుళ్లకు దగని పని కాదని తలచి యీ నాలుగు మాటలు వ్రాయుచున్నాము.

ఒక యాదివారము ప్రాతఃకాలమున హైదరాబాదు పాతబస్తీలో నట్టి సంచారమునకు మేమును బోయితిమి. ఇరువదిమందిమి చేరితిమి, అందు సగముకంటె నెక్కువమంది పరప్రాంతములవారు. దారి చూపు యువకుడు ఇంగ్లీషున నిరర్గళముగా మాటాడగలవాడు. చార్మినారు నెదుట నిలిచి, 1591వ సంవత్సరమున మహమ్మదు కులీ కుతుబుషా దానిని గట్టించెననియు, నాలుగు ప్రక్కల గడియారములు 1889లో నమర్పబడెననియు జెప్పెను. ఇంతవఱకు బాగుగనే యున్నది. పిమ్మట భాగమతి కథ నెత్తుకొని, శాసనమున జదివినట్లే, నగర మామె పేరనే వెలసెనని చెప్పివైచెను. ఆ కథ యింపైనదే. కాని షేర్వానీవంటి చరిత్రకారులు దానిని సత్యముగా నంగీకరింపలేదు. కథను గథగా జెప్పిన దాని యందము తగ్గదు. చరిత్రగా జెప్పిన వినువాని వివేకము తగ్గును.

మక్కామసీదు కడ నాతడు మంచి సంగతి చెప్పెను. 1617లో మహమ్మదు కుతుబుషా యారంభించిన యా కట్టడమును 1694లో నౌరంగజేబు పూర్తి చేయించెను. నడుమ 1687లో గోలకొండను జయించినవాడు నాతడే. ఒక వంశము వేసిన పునాదిమీద నా వంశమును గూల్చినవాడే కట్టడమును ముగించెనన్న మాట! ఏలికలు మారిరి గాని నమాజునకు వచ్చు ప్రజలు నిలిచియే యున్నారు. ఈ కడపటి మాట యాతడు చెప్పినది కాదు, మాకు దోచినది.

అటనుండి లాడ్ బజారునకు బోయితిమి. ఒక సందు మొగదల నొక వృద్ధుడు నిప్పులమీది పెనము ముందు గూర్చుండి లక్కగాజులు చేయుచుండెను. వేడికి మెత్తబడిన లక్కను గుండ్రముగా వంచి, చల్లారక మునుపే చిన్న చిన్న రాళ్ల నొక్కొక్కటిగా దానిలో నొక్కుచుండెను. మావారందఱును ఛాయాపటములు తీసికొనిరి. యువకుడు "ఇది ప్రాచీనమైన కళ" యని యింగ్లీషున బలికి ముందునకు సాగెను. వృద్ధుడు తలయెత్తి, మా పంచకట్టు చూచి కాబోలు, ఉర్దూ కలిసిన తెలుగున "సాబ్, మా గుఱించి ఆయన యేమని చెప్పినాడు?" అని యడిగెను. తెలిపితిమి. ఆతడు నవ్వి, "అంతేనా? వేళ్లు కాలే సంగతి చెప్పలేదా? మూసీ వరద సంగతి చెప్పినాడా? మా తాత ఎప్పుడూ దాని మాటే చెప్పేవాడు" అనెను.

చెప్పలేదు. 1908 సెప్టెంబరు 28న మూసీ నది పొంగి వేలకొలది జనులను బొట్టనబెట్టుకొనెను. ఆ విపత్తు తరువాతనే మోక్షగుండం విశ్వేశ్వరయ్యగారి సలహా ననుసరించి వరద నాపుటకై ఉస్మాన్‌సాగరు, హిమాయత్‌సాగరు జలాశయములు నిర్మింపబడెను. 1912లో నగరాభివృద్ధి సంఘ మేర్పడి యిఱుకు పేటలను సంస్కరింప బూనెను. పత్తర్‌గట్టి రాతి యంగళ్ల వరుస యా కృషి ఫలమే. మేము ఆ వరుస నీడనే నడచితిమి. దానిగుఱించి యొక్క మాటయు వినలేదు. రాజు ప్రేమకథకు బావుగంట దొరకినది. ప్రజల ప్రాణములకు నర నిమిషమును దొరకలేదు.

ఆ యువకుని నిందించుట మా యుద్దేశము కాదు. నేర్పినదానిని వాడు చెప్పెను; లోపము పద్ధతిలో నున్నది. ఇంటివారి యెదుటనే వారికి దెలియని భాషలో వారినిగుఱించి మాటాడుకొనుట మర్యాద కాదని మనము పిల్లలకు నేర్పుదుము. ఊరి విషయమునను నదియే న్యాయము. ఇంగ్లీషు వలదని మేమనము; పరదేశికి నది కావలసినదే, మేమును దానిని బోధించియే జీవించుచున్నాము. కాని యీ నగరమును గట్టిన వంశమువారు దేశభాషలను జిన్నచూపు చూడలేదు. అద్దంకి గంగాధరకవి తపతీసంవరణోపాఖ్యానమును ఇబ్రహీము కుతుబుషాకు, పొన్నెగంటి తెలగన యయాతిచరిత్రమును ఆ ప్రభువు కొలువులోని యమీనుఖానునకు నంకిత మిచ్చిరి. మహమ్మదు కులీ తానే దక్కనీ భాషలో గవిత్వము చెప్పెను. నాటి యేలికలు వినిన భాషలు నేటి బాటసారులకు వినబడకుండుట వింత కాదా?

కావున మా మనవి యిది. నెల కొక దినమైనను దెలుగునను ఉర్దూనను నీ సంచారములు జరుపవలెను. బడిపిల్లలయొద్ద రుసుము గొనరాదు. ఆ పేటలలో బుట్టి పెరిగిన యువతీయువకులకు శిక్షణమిచ్చి వారినే దారి చూపువారిగా నియమింపవలెను. గాజులవానిని జూపి పోవుటగాక, పది నిమిషములు వానిచేతనే మాటాడించి, ఆ కాలమునకు దగిన ప్రతిఫల మీయవలెను. 2024లో హైదరాబాదు లక్కగాజులకు భౌగోళిక సూచిక గుర్తింపు లభించినది. గాజునకు గలిగిన గౌరవము గాజు చేయు చేతికిని గలుగవలదా?

ఉపాధ్యాయులకును ఇందు బని కలదు. పాతపేట లేని యూరు లేదు. ఈ సంవత్సరము మా తరగతి పిల్లలకు నొక నియమము పెట్టితిమి: పాత కట్టడమును జూడబోయినప్పుడు కట్టించినవాని పేరు వ్రాసికొనుటకు ముందు, అచ్చట నిప్పుడు పనిచేయువా రొక్కరితోనైన మాటాడి రావలెను. మొదటి వారము పదునొకండుగురు పోయి వచ్చిరి. వారు చెప్పిన సంగతులలో మాకు దెలిసినవానికంటె దెలియనివే యెక్కువ.