పెద్దనల్లంచి

చెన్నపట్టణమున ఎగుమూరు మ్యూజియమును మా పెద్దలు ‘చచ్చిన కాలేజీ’ యనెడివారు. జంతుప్రదర్శనశాల వారికి ‘బ్రతికిన కాలేజీ’. 1851లో వెలసిన ఆ చచ్చిన కాలేజీకి మొన్న మనుమరాలిని వెంటబెట్టుకొని పోయితిని. పక్షులశాలలో అద్దము వెనుక, నలుపు తెలుపు ఈకలతో తోక నిక్కించి నిలిచిన పిట్టయొద్ద పిల్ల ఆగినది.

“తాతా, ఇది మన పెరట్లో పాడే పిట్ట కదా? తెలుగులో దీని పేరేమి?”

నాకు నోట మాట రాలేదు. ఇంగ్లీషు పేరు తెలియును. అరవములో గుండుకరిచ్చాన్ అందురనియు తెలియును. ఈ ఊర స్థిరపడి ఐదు తరములైనను ఇంట తెనుగే పలుకుచున్నామని సభలలో చెప్పుకొను నేను, పెరటిపిట్ట పేరెరుగనైతిని.

ఆ పేరు తుదకు ఒక ఆంగ్లగ్రంథమున దొరకినది. నెల్లూరున సివిల్ సర్జనుగా పనిచేసిన జెర్డను దొర, 1862–64 నడుమ వెలువరించిన తన పక్షిగ్రంథమున పెక్కు పిట్టలకు దేశభాషల పేర్లను గూడ వ్రాసిపెట్టినాడు. ఇంగ్లీషు అక్షరములలో ‘పెద్దనల్లంచి’ యని చదువగనే, “నల్లంచి కూసింది, లేవండర్రా” అని మా అమ్మమ్మ వేకువను మమ్ము లేపుట స్ఫురణకు వచ్చినది.

మ్యూజియముకొరకు పిట్టను సిద్ధపరచువారు చర్మమును ఈకలతోడ నొలిచి, లోని శరీరమును తీసివేసి, పురుగు పట్టకుండ మందు పూసి, దూది కూరుదురు. ఈకలు చిరకాలము నిలుచును. పాట పుట్టు అవయవము మాత్రము మిగులదు. అది నోటిలో లేదు. ఊపిరిగొట్టము రెండుగా చీలుచోట, రొమ్ములో నున్నది. లోని శరీరముతోపాటు అదియు పోవును.

పాటపిట్టలకు పాట పుట్టుకతోనే పూర్తిగా అబ్బదు. కూనలు పెద్దల పాట విని, తప్పులు పాడి, దిద్దుకొని నేర్చును. పెద్దల పాట వినకుండ పెరిగిన ఛాఫించి పిట్టలకు సరియైన పాట రాదని థార్పు అను శాస్త్రజ్ఞుడు 1950వ దశకమున కేంబ్రిడ్జిలో నిరూపించినాడు.

జెర్డను దొర గ్రంథము మన పిట్ట పేరును నూటయరువది యేండ్లకు పైగా కాపాడినది. అందుకు కృతజ్ఞుడను. కాని ఆ పేరు పలుకవలసినది మన ఇంట.

మరునాటి వేకువను మునగచెట్టు కొననుండి పిట్ట పాడినది. పిల్లను లేపి పేరు చెప్పితిని. రెండు మారులు తప్పుగా పలికినది. మూడవమారు సరిగా పలికినది.