గోలీ మారిన రాత్రి

నల్లగొండలో ఒక వృద్ధాశ్రమంలో ఆయాగా పనిచేస్తున్నా. మాలో నర్సు చదువు చదివినవాళ్లు లేరు. పొద్దుగూకే వేళ అందరి గోలీలూ స్ట్రిప్పుల్లోంచి విప్పి, పేర్లు రాసిన మూతల్లో పోసి పెట్టేవాళ్లు. అప్పుడే రిజిస్టర్‌లో అందరికీ ఒకేసారి టిక్కులు పడిపోయేవి. గోలీ గొంతు దిగకముందే దిగినట్టు రాత.

పక్కపక్క మంచాల్లో ఇద్దరవ్వలది ఒకటే పేరు. యాదగిరి నర్సన్నకు మొక్కి పెట్టుకున్న పేరు, మా దిక్కు వాడకు నలుగురుంటారు. ఒకామెకు షుగర్, ఇంకొకామెకు ఉత్త బీపీ.

నేను రాత్రి డ్యూటీకి వచ్చేసరికి గోలీలు వేయడం అయిపోయింది. పదకొండు దాటాక బీపీ అవ్వ మంచం తడిసిపోయేంత చెమట పట్టింది. మాట ముద్దగా వస్తోంది, పిలిస్తే పలకడం లేదు. మేనేజర్ సారుకు ఫోన్ చేస్తే పక్షవాతం కావచ్చన్నాడు. నా మనసొప్పక మిషన్‌తో షుగర్ చూశా. 38. షుగర్ లేని మనిషికి 38 ఏంది? పక్కమంచం అవ్వను లేపి అడిగితే, "నాకు ఇయ్యాల గోలి ఇయ్యలే బిడ్డా" అంది. ఆ అవ్వ స్ట్రిప్పు చూస్తే ఆ పూట గోలి లేదు. సాయంత్రం డ్యూటీ అక్కను నిద్రలేపి అడిగా. ఆమె మొహం చూడగానే నాకు అర్థమైంది.

మింగలేని మనిషి నోట్లో చక్కెర నీళ్లు పోస్తే ఊపిరితిత్తుల్లోకి పోతాయి. అందుకే పోయకుండా 108కు ఫోన్ చేశా. బండిలో ఉండగా సారు మళ్లీ చేసిండు. "అన్నం తినలేదని చెప్పు, గోలి ముచ్చట తియ్యకు" అన్నడు.

దవాఖానలో డాక్టర్ మొదట అడిగిందే, ఏం మందులు వాడుతుందని. స్ట్రిప్పు ఆయన చేతిలో పెట్టి జరిగింది జరిగినట్టు చెప్పా. గ్లిమెపిరైడ్ అని చదివి తల పట్టుకున్నాడు. గ్లూకోజ్ ఎక్కించిన కాసేపటికే అవ్వ కళ్లు తెరిచి, నా పేరు పెట్టి పిలిచింది. ఇంక తోలుకుపోవచ్చనుకున్నా. డాక్టర్ ఒప్పుకోలేదు. ఈ గోలి ఒంట్లో రోజంతా పనిచేస్తుందట, ముసలివాళ్లలో కిడ్నీలు నెమ్మదించి ఉంటే ఇంకా ఎక్కువసేపు. గంటగంటకు సూది పొడిచి చూశారు. తెల్లారేముందు షుగర్ మళ్లీ పడింది. అన్నం తినలేదన్న మాటే డాక్టర్‌కు చెప్పి ఉంటే, ఆ వేళకు అవ్వ ఆశ్రమంలో చీకట్లో పడుకుని ఉండేది, మేము నిద్రపోతోందనుకునేవాళ్లం.

ఏ గోలి మింగారో తెలియకపోతే ఏమవుతుందో అంతకుముందే విన్నా. 2019 మార్చిలో హైదరాబాద్ నాంపల్లిలో టీకా వేసిన పసిబిడ్డలకు జ్వరం గోలికి బదులు నొప్పుల గోలి ట్రమడాల్ ఇచ్చారు. ఇద్దరు బిడ్డలు చనిపోయారు. ముప్పై మందికి పైగా నీలోఫర్ దవాఖాన పాలయ్యారు. టీకానే వికటించిందని మొదట అనుకున్నారు. ఆ తల్లులు ఇంటికి తీసుకుపోయింది ఏ గోలో తేలడానికి పట్టిన ప్రతి గంటా ఆ రాత్రి దవాఖానలో నాకు గుర్తొచ్చింది.

మరునాడు సారు రిజిస్టర్‌లో ఆ పేజీ తీసి కొత్తది రాయమన్నాడు. రాయనన్నా. పని పోతదన్నాడు. పోతే పోనియ్యమన్నా గానీ కాళ్లు వణికినయ్. అంతకంటే కష్టమైంది అక్క ఏడుపు. మొగడు బొంబాయిలో మేస్త్రీ పని, ఇద్దరు పిల్లలు. అందరికీ అన్నం వండి, వడ్డించి, ఆ చేతులతోనే గోలీలు వేసేది ఆమె ఒక్కతే. తప్పు ఆమె చేతిలో జరిగింది, నిజమే. కానీ ఒక్క మనిషికి అన్ని పనులు అంటగట్టినవాళ్ల పేరు కూడా ఆ పేజీలో ఉండాలని ఇప్పటికీ అంటా.

అవ్వ కొడుకు వచ్చినప్పుడు అక్కే ముందుకు పోయి చెప్పింది. ఆయన నోటికొచ్చినట్టు తిట్టాడు, ఆమె నిలబడి అన్నీ పడింది. తర్వాత రిజిస్టర్ అడిగాడు, చూపించా. అవ్వ కోలుకుని తిరిగొచ్చింది.

ఇప్పుడు గోలి మంచం దగ్గరే విప్పుతున్నాం, మింగినాకే రాస్తున్నాం. మంచాలకు ఇంటిపేరుతో సహా పేర్లు కట్టినం. సాయంత్రం పూటకు ఇంకో మనిషిని మాత్రం ఇంతవరకు పెట్టలేదు. ప్రతి నెలా అడుగుతున్నా.