బిళ్ళకూ ఉంటాయి హద్దులు

తపాలా బిళ్ళలు పోగుచేయడం చిన్నపిల్లల సరదా అని చాలామంది అభిప్రాయం. దేశం పేరు చూసి, బొమ్మ చూసి ఆల్బంలో అంటిస్తే పని అయిపోయిందనుకుంటారు. కాని ఒకేలా కనిపించే రెండు బిళ్ళలు ఒకే అచ్చుపలక మీద పుట్టాయా, వేరువేరు పలకల మీద పుట్టాయా, ఆ పలకలో ఏ వరుసలో ఏ గడిలో పుట్టాయి అని తేల్చడం ఒక శాస్త్రం. లేబరేటరీలో తెలియని లవణాన్ని కనుక్కోవడానికి మనం పడే పాట్లకు ఇదేమీ తీసిపోదు.

ప్రపంచంలో మొదటి తపాలా బిళ్ళ పెన్నీ బ్లాక్. 1840లో ఇంగ్లండులో వచ్చింది. ఒక ఉక్కు దిమ్మె మీద రాణి బొమ్మ చెక్కి, దాని ముద్రను రోలరు మీదికి ఎక్కించి, ఆ రోలరుతో పలక మీద 240 సార్లు ఒత్తారు. అందువల్ల బొమ్మ అన్నింటా ఒకటే. కింది మూలల్లో రెండు అక్షరాలు మాత్రం చేత్తో కొట్టారు. వరుసనూ గడినీ ఆ అక్షరాలే చెబుతాయి. కాని పలకలు పదకొండు ఉన్నాయి. ఏ పలకదో తెలియాలంటే అక్షరం మూలకు ఎంత జరిగిందో, ఏ గీత మళ్ళీ ఒత్తడం వల్ల జంటగా పడిందో భూతద్దంతో వెతకాల్సిందే.

మనం అంత దూరం పోనక్కరలేదు. నిజాం రాజ్యపు మొదటి బిళ్ళ 1869లో వచ్చింది. ఆ ఒక అణా బిళ్ళను లండన్‌లో నిస్సెన్ అండ్ పార్కర్ వారు చెక్కారు. మరుసటి ఏడు, 1870లో వచ్చిన అర్ధణా, రెండణాల బిళ్ళలు మాత్రం ఇక్కడే తయారైనాయి. 240 గడుల్లో ఒక్కొక్క బిళ్ళనూ విడిగా చేత్తోనే చెక్కారు. అంటే ఒక షీటులో 240 బిళ్ళలు, 240 రకాలు! 1871లో మొదలై 1909 దాకా నడిచిన సీరీస్ కూడా మొదట ఇట్లాగే చేతిచెక్కడం. తర్వాత అదే నమూనాకు ఇంగ్లండు కంపెనీ బ్రాడ్‌బరీ విల్కిన్‌సన్ చెక్కిన పలకలు వచ్చాయి. తేడాలు పోయినాయి. ఆ 240 గడులు చెక్కిన పనివాని పేరు బిళ్ళ మీద లేదు. కాని వంకర పోయిన ప్రతి అక్షరం వాని సంతకమే.

గుర్తుపట్టడానికి ఒక క్రమం ఉంది. ముందు అంచు చిల్లులు లెక్కపెట్టాలి. రెండు సెంటీమీటర్ల పొడవులో ఎన్ని చిల్లులున్నాయన్నదే కొలత. 1870 నాటి అసలు బిళ్ళలకు పదకొండున్నర. వాటినే 1880లో తెల్ల కాగితం మీద మళ్ళీ అచ్చువేశారు. వాటికి పన్నెండున్నర. ఆ తర్వాత కాగితం, రంగు. చిట్టచివర చెక్కడం. పలకలో లోతుగా చెక్కిన గీతల్లో సిరా నిలుస్తుంది, ఒత్తినప్పుడు కాగితం దాన్ని పైకి లాగుతుంది. అందుకే వేలితో తడిమినా గీతలు కొంచెం ఉబ్బెత్తుగా తగులుతాయి.

మరి ఏ గడిదో ఎట్లా తెలిసేది? ఇక్కడ నాకు భూమి కాగితాల్లోని చెక్‌బందీ గుర్తొస్తుంది. తూర్పున ఫలానా వారి చేను, పడమర బండ్లబాట, ఉత్తరాన కుంట. ఏ చేను ఎక్కడుందో పక్క చేనే చెబుతుంది. బిళ్ళలూ అంతే. విడిపోని జంట ఒకటి దొరికితే మొదటిదాని పక్కన రెండోది ఉన్నట్టు రుజువు. రెండోదీ మూడోదీ కలిసిన మరో జంట దొరికితే మూడింటి వరుస తేలింది. షీటు అంచు కాగితం అంటుకొని ఉన్న బిళ్ళ దొరికిందా, ఇక అది పొలిమేర రాయి. ఇట్లా ముక్కలు కలుపుకుంటూ, చినిగిపోయిన షీటును మళ్ళీ కాగితం మీద కట్టుకుంటారు. దీనికి ఏండ్లు పడతాయి.

ఒక స్నేహితుని ఆల్బం నుంచి మూడు అర్ధణా బిళ్ళలు ఒక రాత్రికి అడిగి ఇంటికి తెచ్చాను. మా ఊరు అల్మాస్‌గూడ. చేలు పోయి ప్లాట్లయిన ఊరు. మిగిలిన కాస్త భూమిలో మా నాయిన ఆకుకూరలు పండిస్తాడు. భూతద్దం లేకుండానే బిళ్ళలను దీపం కింద అటూ ఇటూ తిప్పి, "ఈ రెండు ఒక్కతీరు లేవు బిడ్డా. ఒక్కడే చెక్కినా ఒక్కపూట చెక్కినయి గావు. మూడోది మిషన్‌ది" అన్నాడు. విత్తనం చూసి ఏ చేనిదో చెప్పే కన్ను అది.

అప్పుడే సందూకలోంచి ఒక రసీదు తీసి చూపించాడు. మా ముత్తాత భూమి కుదువ విడిపించుకున్నప్పటిది. 1331 ఫసలీ, అంటే 1921-22. దాని మీద ఎర్రటి ఒక అణా బిళ్ళ, బిళ్ళకు అడ్డంగా షావుకారు ఉర్దూ సంతకం. 1915 నుంచి వచ్చిన ఈ రకం బిళ్ళల మీద 'పోస్ట్ అండ్ రిసీట్' అని ఉంటుంది. ఉత్తరానికీ రసీదుకూ ఒకటే బిళ్ళ.

నగరంలో ఒక వ్యాపారికి చూపిస్తే, నీళ్ళలో నానేసి బిళ్ళ ఊడదీసి ఇమ్మన్నాడు. సిరా సంతకం పడ్డది గనుక ధర పెద్దగా రాదని కూడా చెప్పాడు. మా అన్న ఎంతొస్తే అంత అన్నాడు. ఫీజు కట్టే నెల అది, నాకూ మనసు లాగింది. నాయిన ఒక్కటే అడిగాడు. "బిళ్ళ ఊడదీస్తే అప్పు తీరినట్టు ఎట్ల తెలుస్తది?"

ఊడదీయలేదు. నాలుగు ఇండ్లలో చేబదులు తెచ్చి ఫీజు కట్టినాము. ఊడదీసిన బిళ్ళ ఏ పలకదో భూతద్దం చెబుతుంది, కాని ఏ చేనుకోసం అంటించిందో చెప్పలేదు. ఉర్దూ తెలిసిన పెద్దాయన చేత రసీదులోని హద్దులు చదివించి తెలుగులో రాసుకున్నాను. నాలుగు దిక్కుల్లో మూడు ఇప్పుడు కాలనీలు. కుంట ఒక్కటి మిగిలింది.

మీ ఇండ్లల్లోనూ పాత సందూకలు ఉంటాయి. తెరిచి చూడండి. కత్తెర మాత్రం దూరంగా పెట్టండి.