మనకెందుకులే అనే మాట

మనోళ్లలో రెండు సామెతలున్నయి. ఒకటి, ఊరుకున్నంత ఉత్తమం లేదు. రెండోది, మౌనం అర్ధాంగీకారం. బతుకుదెరువుకు పరాయి రాష్ట్రం వచ్చినోళ్లకు మొదటిదే నచ్చుతది. సాంచె నడవాలె, పిల్లలు చదవాలె, గొడవలు మనకెందుకు? అట్లా అనుకోవడంలో తప్పు లేదు. కానీ గల్లీలోకి ద్వేషం వచ్చినప్పుడు ఊరుకోవడం ఎవరినీ కాపాడదు. మన మహారాష్ట్ర సంగతులే చూడండి.

1966లో ముంబయిలో శివసేన పుట్టింది. అప్పుడు దాని కోపమంతా దక్షిణాదోళ్ల మీదనే. ఉద్యోగాలన్నీ 'మద్రాసీ'లు ఎత్తుకుపోతున్నరని 'మార్మిక్' పత్రికలో పేర్ల జాబితాలు అచ్చేసిండ్రు. 'లుంగీ హటావ్' అన్నరు. ఉడిపి హోటళ్ల మీద దాడులు చేసిండ్రు. లుంగీ కట్టినోడు తమిళుడా, కన్నడిగుడా, తెలుగోడా అని అడిగేదెవరు? మిల్లు కార్మికుల నాయకుడు, పరేల్ కమ్యూనిస్టు ఎమ్మెల్యే కృష్ణా దేశాయి 1970 జూన్‌లో హత్యకు గురైండు. ఉప ఎన్నికలో ఆయన భార్య నిలబడి ఓడిపోయింది. శివసేన మొదటి ఎమ్మెల్యే ఆ సీటులోనే గెలిచిండు.

తర్వాత గురి మారింది. 1992 డిసెంబరు, 1993 జనవరి అల్లర్లలో ముంబయిలో దాదాపు 900 మంది చనిపోయిండ్రు. అందులో ఎక్కువమంది ముస్లింలు. ద్వేషానికి ఎప్పుడూ ఒక పేరు కావాలె. నిన్న మన పేరు, తెల్లారితే ఇంకొకరిది.

అదే సమయంలో మా భివండి కాలలేదు. 1970లో, 1984లో ఈ ఊరు ఘోరమైన అల్లర్లు చూసింది. అందుకే 1988లో ఇక్కడికొచ్చిన పోలీసు అధికారి సురేశ్ ఖోపడే మొహల్లా కమిటీలు పెట్టించిండు. వాటిలో పెద్ద లీడర్లు కాదు, గల్లీలో ఉండే హిందువులు, ముస్లింలే కూర్చునేవాళ్లు. చిన్న తగాదాలు పెద్దవి కాకముందే మాట్లాడుకునేవాళ్లు. పుకారు పుడితే, పోయి అడిగేటంత పరిచయం ఏర్పడ్డది. పక్కనే ముంబయి మండుతుంటే భివండి ప్రశాంతంగ ఉండడానికి ఆ పరిచయమే పెద్ద కారణం.

ఇప్పుడు పుకారు ఫోన్‌లోకే వస్తున్నది. ఫలానా వాళ్ల దుకాణంలో కొనొద్దు, ఫలానా వాళ్లకు ఖోలీ కిరాయికి ఇవ్వొద్దు అని. మా బిల్డింగ్ మీటింగ్‌లో కూడా ఒకాయన ఈ మాటే ఎత్తిండు. అందరూ తల దించుకున్నరు. అప్పుడు మూలన కూర్చున్న ఒక పెద్దమ్మ, "మా ఆయనకు సాంచె పని నేర్పింది వాళ్లే బిడ్డా. కిరాయి టైముకు కడితే చాలదా?" అన్నది. అంతే. ఒక్కొక్కరే "నిజమే కదా" అనుడు మొదలుపెట్టిండ్రు. ఆ మాట అక్కడితో పోయింది.

అప్పుడు నాకు ఒకటి అర్థమైంది. ఆ గదిలో ద్వేషం ఉన్నోళ్లు ఒకరిద్దరే. మిగతావాళ్లు ఎవరికి వాళ్లు, నేనొక్కణ్నే ఒప్పుకోవట్లేదేమో అని భయపడి కూర్చున్నోళ్లు. రెచ్చగొట్టేటోనికి మన ఓటు కన్నా ముందు మన మౌనమే కావాలె.

జెండా పట్టుకొని రోడ్డెక్కమని ఎవరూ అంటలేరు. ఇంట్లో పిల్లల ముందట, చాయ్ దుకాణంలో, సంఘం మీటింగ్‌లో "ఇది నాకు సమ్మతం కాదు" అంటే చాలు. మాటగ ఉన్నప్పుడు ఆపడానికి ఒక మాట సరిపోతది. మంట అయినంక ఆపడం ఎవరి తరమూ కాదు. పోగు తెగినప్పుడే సాంచె ఆపి అతకాలె. చూసీ చూడనట్టు నడిపిస్తే తాను మొత్తం ఖరాబైతది.