మరక్కి కారణం ఉండాలి

జూన్ 12

బెంగళూరు నుంచి అబ్బాయి పంపిన పెట్టె వచ్చింది. నాలుగు గూడ్స్ వ్యాగన్లు: మూడు బాక్స్‌ఎన్‌లు, ఒక బాక్స్‌ఎన్‌హెచ్‌ఎల్. త్రీడీ ప్రింటర్‌లో చేయించి, ఎర్రగోధుమ రంగు కొట్టించి, అక్షరాలు కూడా అంటించి పంపాడు. హెచ్‌ఓ స్కేలు, అంటే అసలులో 87వ వంతు. అసలు బాక్స్‌ఎన్ కప్లర్ నుంచి కప్లర్ దాకా 10,713 మిల్లీమీటర్లు. స్కేలు పెట్టి చూస్తే 123 వచ్చింది. లెక్క కుదిరింది. కుదరనిది పట్టాల వెడల్పు. మన బ్రాడ్‌గేజి 1,676ని 87తో భాగిస్తే 19 మిల్లీమీటర్ల పైచిలుకు రావాలి. బజారులో దొరికే పట్టాలు 16.5వే. ఎంత సర్దుకుందామన్నా చక్రాలు లోపలికి ముడుచుకున్నట్టే కనిపిస్తాయి.

నాలుగింటినీ వరసగా పెడితే పెళ్ళిలో చదివించిన స్టీలు సామానులా తళతళలాడాయి. క్యారేజ్ అండ్ వ్యాగన్‌లో ముప్పై నాలుగేళ్ళు చేశాను. ఇంత శుభ్రమైన వ్యాగన్‌ని వర్క్‌షాపు గేటు దగ్గర తప్ప ఎక్కడా చూడలేదు. అక్కడైనా ఒక్క పూట.

వీటికి మురికి పట్టించాలి. ఎయిర్‌బ్రష్, దానికో కంప్రెసర్ కొనిపెడతానని అబ్బాయి ఫోన్లో అన్నాడు. వద్దన్నాను. బ్రేక్ పైపులోకి గాలి ఎక్కే చప్పుడు ఉద్యోగంలో విన్నది చాలు, ఇంట్లో కూడానా. బ్రష్షులు, స్పాంజి ముక్క, పాత బనీను గుడ్డ, పాస్టెల్ సుద్దలు. వీటితో ఎంతవుతుందో చూద్దాం.

జూన్ 13

నిద్ర పట్టక భూతద్దం పెట్టి నంబర్లు చదివాను. పదకొండు అంకెలు. మొదటి రెండూ వ్యాగన్ రకం, తర్వాతి రెండూ ఏ రైల్వేదో, ఆ తర్వాతి రెండూ తయారైన ఏడు, ఆపై నాలుగూ దాని సొంత నంబరు. చివరిది మిగతా పదీ సరిగా రాశారో లేదో పట్టిచ్చే తనిఖీ అంకె. అబ్బాయి శ్రద్ధగానే వేయించాడు. రెండింటి మీద 09 ఉంది, దక్షిణ మధ్య. మిగతా రెండింటి మీద 12, తూర్పు కోస్తా. ఏళ్ళు వరసగా 96, 05, 11, 19.

పని పట్టిక అందులోనే దొరికింది. 96లో పుట్టినదానికీ 11లో పుట్టినదానికీ ఒకే మురికి పులిమితే, నంబరైనా అబద్ధం కావాలి, మురికైనా అబద్ధం కావాలి. కనక ఒక్కోదానికీ ఒక్కో జాతకం రాసుకున్నాను.

96: రాయనపాడు వర్క్‌షాపులో పీఓహెచ్, అంటే కొన్నేళ్ళకోసారి జరిగే పూర్తి మరమ్మతు, చేయించుకుని నిన్ననే బయటపడింది. కొత్త రంగు, కింద పాత సొట్టలు.
05: కిరండూల్ లైన్లో ఇనుప ఖనిజం మోస్తోంది.
11: బొగ్గు.
19: ఇదీ బొగ్గే. కానీ దీని ఒళ్ళు వేరు, తర్వాత చూడాలి.

ఏ మరకైనా ఎక్కడినుంచి వచ్చిందో చెప్పగలగాలి. చెప్పలేని మరక తుడిచెయ్యాలి. ఇదొక్కటే నియమం.

జూన్ 19

కుంకుడు రసంలో ముంచి, మెత్తటి బ్రష్షుతో కడిగి, నీడన ఆరబెట్టాను. చేతి జిడ్డు ఉంటే రంగు పట్టదు.

96వ ఏటి దానికి ముందు సొట్టలు కావాలి. బాక్స్‌ఎన్ పక్కరేకు లోపలికి కాదు, బయటికి ఉబ్బుతుంది. లోపలి నుంచి సరుకు తోస్తుంది, దింపేటప్పుడు యంత్రాల పళ్ళు తోస్తాయి. నిలువు దిమ్మెలు కదలవు, వాటి మధ్య రేకు దిండులా పొంగుతుంది. సన్న స్క్రూడ్రైవర్ మొన దీపం మీద వెచ్చజేసి, లోపలి వైపు నుంచి ఆనించి ఒత్తాను. వేడి ఎక్కువైన చోట ఒక దిమ్మె వంగింది. పోనీ, వంగిన దిమ్మెలు యార్డులో బోలెడు చూశాను.

జూన్ 27

తప్పు చేశాను. నాలుగింటికీ మ్యాట్ వార్నిష్ పూతలు పడాలి. మెరుపు చావాలి, పైగా వేసే ఆయిల్ రంగు కింది రంగుని కరిగించకుండా ఆ పొర అడ్డుండాలి. బ్రష్షుతో వేస్తే చారలొస్తాయని భయపడి, స్ప్రే డబ్బా పట్టుకుని బాల్కనీలో 11వ ఏటి దాని మీద కొట్టాను. బయట వాన. పది నిమిషాల్లో వ్యాగన్ ఒంటినిండా బూజు పట్టినట్టు తెల్లబడింది. గాలిలో తేమ వార్నిష్‌లో చిక్కుకుంది.

ఎండకి వెలిసిన రంగులా బానే ఉందే, ఉంచేద్దామా అనిపించింది. అద్దం పెట్టి చూస్తే ఆ తెలుపు దిమ్మెల పక్కనా ఉంది, అడుగు అంచు కిందా ఉంది. అక్కడ ఎండ ఎప్పుడూ పడదు. ఎండ చెయ్యని పని ఎండ పేరున రాయలేను.

జులై 2

వాన తెరిపిచ్చింది. తెల్లబడినదాని మీద మెరిసే గ్లాసీ వార్నిష్ బ్రష్షుతో పలచగా వేస్తే బూజు చాలావరకు మాయమైంది. ఆరాక నాలుగింటికీ మ్యాట్ వార్నిష్, బ్రష్షుతోనే, పైనుంచి కిందికి ఒకే దిక్కున వేశాను. చారలు పడ్డాయి. పడనీ. వ్యాగన్ మీద నీరు కూడా పైనుంచి కిందికే జారుతుంది.

జులై 6

ఈ రోజు ఆయిల్ రంగులు. బర్న్‌ట్ సియెన్నా, బర్న్‌ట్ అంబర్, నలుపు, తెలుపు. ట్యూబు నుంచి ముందు అట్టముక్క మీద పిండి గంటసేపు వదిలేశాను. అట్ట నూనె పీల్చుకుంటే రంగు మెరవకుండా ఆరుతుంది.

05వ ఏటి దాని పక్కన సూదిమొనతో చిన్నచిన్న చుక్కలు పెట్టాను. చదును బ్రష్షు టర్పెంటైన్‌లో ముంచి, గుడ్డకి తుడిచి, తడి ఉందా లేదా అన్నంతగా ఉంచి, చుక్క మీదుగా కిందికి ఒక్క లాగు లాగాను. చుక్క చారిక అయింది. పైన చిక్కగా, కిందికి పోయేకొద్దీ పలచగా. రెండోసారి లాగితే సన్నబడింది, మూడోసారికి ఉన్నట్టా లేనట్టా అయింది. ఎయిర్‌బ్రష్ దుమ్ముని బాగా వేస్తుంది, ఒప్పుకుంటాను. వాన చారిక మాత్రం చేతికే వస్తుంది, ఎందుకంటే చెయ్యీ వానలాగే కిందికి లాగుతుంది.

ఒక పక్కకి రెండు గంటలు పట్టింది. ఈ తేమలో ఆరడానికి వారం పట్టేట్టుంది.

జులై 15

పైఅంతస్తు కుర్రాడు వచ్చాడు, ఇంజినీరింగ్ రెండో ఏడు. వాడికి స్పాంజి పని చూపించాను. గిన్నెలు తోమే స్పాంజి నుంచి పిసరు తుంచి, ముదురు గోధుమ యాక్రిలిక్‌లో అద్ది, కాగితం మీద దాదాపు అంతా దులిపేసి, అంచుల మీద తాకీ తాకనట్టు అద్దాలి. పెచ్చులూడిన రంగు వస్తుంది. టిప్లర్‌లో వ్యాగన్‌ని తిరగేసి కుమ్మరించేటప్పుడు బిగింపులు పై అంచుని నలుపుతాయి. అందుకే పెచ్చులు పై అంచున ఎక్కువ.

నేను కాఫీకి లేచి వచ్చేసరికి వాడు 19వ ఏటి దాని నిండా ఆయిల్ సియెన్నాతో తుప్పు చారికలు దింపాడు. చెయ్యి బాగుంది. పని బాగాలేదు.

“తాతగారూ, అందంగా లేదా?”

“హెచ్‌ఎల్‌రా అది. దాని ఒళ్ళు స్టెయిన్‌లెస్. మీ అమ్మ తోమే గ్లాసుకి తుప్పు పట్టడం ఎప్పుడైనా చూశావా?”

రంగు ఇంకా పచ్చిగానే ఉంది. టర్పెంటైన్ గుడ్డతో వాడి చేతే తుడిపించాను. వెళ్తూ వెళ్తూ, ఖనిజం దుమ్ముకి భీమిలి దారిలో ఎర్రమట్టి దిబ్బల నుంచి గుప్పెడు మట్టి తెస్తానన్నాడు. వేలఏళ్ళ నాటి దిబ్బలవి, రక్షిత ప్రాంతం, అక్కడినుంచి చిటికెడైనా తేవద్దని చెప్పాను. గుప్పెడు జేగురు కొంటే పోయేదానికి.

జులై 28

పొద్దున్నే మర్రిపాలెం వెళ్ళి ప్లాట్‌ఫారం చివర నించున్నాను. గంటలో రెండు గూడ్స్ రైళ్ళు పోయాయి. ఉద్యోగంలో ఉన్నప్పుడు పగిలిన స్ప్రింగు, అరిగిన బ్రేక్ బ్లాకు, వేలాడే పిన్ను కోసం చూసేవాణ్ణి. తుప్పు ఎక్కడ మొదలవుతుందో పట్టించుకోలేదు. ఈ రోజు చూశాను. నేను పై అంచు నుంచి దింపాను. అసలు వ్యాగన్లకి చాలావరకు కిందే మొదలవుతోంది, దిమ్మెల పాదాల దగ్గర, తలుపుల మడతల్లో. నీళ్ళు నిలిచేది అక్కడ, తడి బొగ్గుపొడి ఇరుక్కునేదీ అక్కడే.

ఇంకొకటి. తేదీలు రాసే చోట చిన్న గళ్ళు కొత్త రంగుతో మెరుస్తున్నాయి. బాక్స్‌ఎన్‌కి పద్దెనిమిది నెలలకొకసారి ఆర్‌ఓహెచ్, అంటే మామూలు మరమ్మతు, అవుతుంది. ఆ తేదీ రాసేముందు అక్కడ మాత్రం రంగు పూస్తారు. మురికి ఒంటి మీద శుభ్రమైన గడి. నేనే ఎన్నిసార్లు రాయించానో.

ఇంటికొచ్చి 05 ఎడమ పక్క మొత్తం తుడిచేశాను. మూడు వారాలు ఆరిన రంగు, ఊరికే పోలేదు.

ఆగస్టు 9

ఎడమ పక్క మళ్ళీ అయింది. చారికలు పాదాల దగ్గర మొదలై అడుగు దూలం మీదికి జారుతున్నాయి. తేదీ గడి శుభ్రంగా ఉంది.

తర్వాత దుమ్ము. పాస్టెల్ సుద్దని గరుకు కాగితం మీద రుద్ది పొడి చేశాను. జేగురుని టీ వడపోసే జాలీలో జల్లించాను. జేగురంటే ఇనుప ఆక్సైడే, తుప్పూ అదే, 05 మోసే బైలడీలా ఖనిజం దుమ్మూ అదే. రంగు కోసం వెతకనక్కర్లేదు, అసలు పదార్థమే చేతిలో ఉంది. ఖనిజం రాయి నల్లగా కనిపిస్తుంది, దాని పొడి ఎర్రన.

లోపలి వైపు ఎంత ఎత్తు దాకా పులమాలన్నది లెక్క. ఖనిజం బరువు. వ్యాగన్ సగం నిండకముందే తూకం నిండిపోతుంది. కనక 05 లోపల ఎరుపు కింది భాగంలోనే ఆగాలి. బొగ్గు తేలిక, అంచుదాకా పోస్తారు. 11 లోపల నలుపు పైదాకా పోవాలి. ఖాళీ వ్యాగన్‌లోకి తొంగి చూస్తే ఏం మోసిందో చెప్పొచ్చు.

పొడి కదలకుండా పైన వార్నిష్ వేస్తే సగం దుమ్ము మాయమైంది. తడికి నల్లబడి, ఆరాక మళ్ళీ కొంత తేలింది. ఇంకోసారి పులిమి ఈసారి వార్నిష్ వెయ్యకుండా వదిలేశాను. వ్యాగన్‌ని పక్కలు పట్టుకుని ఎత్తకూడదు, కప్లర్లు పట్టుకునే ఎత్తాలి.

ఆగస్టు 17

బోగీలు, చక్రాలు. ఎవరూ చూడరని చాలామంది వదిలేసే చోటు. నాకు ముందు కన్ను పోయేది అక్కడికే.

పాత నాలుగు చక్రాల వ్యాగన్లకి సాదా బేరింగులుండేవి. యాక్సిల్ బాక్సులో నూనె కారి చక్రం ముఖం నల్లగా, జిడ్డుగా ఉండేది. బాక్స్‌ఎన్ కింద కాస్నబ్ బోగీ, రోలర్ బేరింగులు. నూనె కారదు. కనక దీని చక్రం ముఖం పొడిగా, దుమ్ము రంగులో ఉండాలి. జిడ్డు నలుపు వేస్తే ముప్పై ఏళ్ళు వెనక్కి పోయినట్టే. ముఖానికి మట్టిరంగు పలచగా, పట్టామీద నడిచే అంచు మాత్రం వెండిలా తళుకు. ఆ తళుకు కోసం రంగు వెయ్యలేదు. ఇనప చక్రాలే, తుడిచి వదిలేశాను.

బోగీ పక్క చట్రానికి పొడి బ్రష్షు. బ్రష్షు రంగులో ముంచి కాగితం మీద తుడుస్తూ పోవాలి, ఇక రంగు లేదనిపించేదాకా. అప్పుడు రుద్దితే ఎత్తుగా ఉన్న అంచులకి మాత్రం లేత రంగు అంటుతుంది, స్ప్రింగులు ఒక్కొక్కటీ విడిగా కనబడతాయి.

ఆగస్టు 25

చివరి పని, 11కి సరుకు. అసలు బొగ్గే. ఇనప కల్వంలో దంచి, జాలీలో పట్టి, మరీ పొడి పారేసి, గింజల్లాంటివి ఉంచాను. ఫెవికాల్‌లో నీళ్ళు, ఒక చుక్క గిన్నెల సబ్బు కలిపి డ్రాపర్‌తో పోశాను. సబ్బు చుక్క లేకపోతే జిగురు బొగ్గులోకి దిగదు, పైనే ముత్యాల్లా నిలుస్తుంది. ఆరాక పైన సున్నం నీళ్ళు బ్రష్షుతో చిలకరించాను. దారిలో ఎవరైనా బొగ్గు తీస్తే ఆ తెలుపు చెదిరి తెలిసిపోవాలని గనుల దగ్గర అలా చల్లుతారు.

సాయంత్రం నాలుగింటినీ పట్టాల మీద పెట్టి, పాత అలవాటు ప్రకారం రెండు పక్కలా తిరిగి చూశాను. 96: కొత్త రంగు, పాత సొట్టలు, ఒక వంగిన దిమ్మె. బాగుంది. 05: ఎరుపు సగం దాకా, తుప్పు పాదాల దగ్గర. బాగుంది. 19: నల్లటి దుమ్ము, తుప్పు లేదు. చూడ్డానికొచ్చిన పైఅంతస్తు కుర్రాడు దాన్నే ఎక్కువసేపు చూశాడు.

11 కుడి పక్కన, రెండో తలుపు పైన ఒక మరక కనిపించింది. ఎంత ఆలోచించినా ఎక్కడిదో తెలియలేదు. నీరు జారే చోటు కాదు, బొగ్గు రాలే చోటు కాదు. భూతద్దం పెట్టాను. నా బొటనవేలి ముద్ర. అసలు కొలతలో నాలుగడుగుల పైన. కారణం తెలిసింది గానీ, రైల్వేకి సంబంధించింది కాదు. బ్రష్షుతో పొడి అద్ది కప్పేశాను.

నాలుగు వ్యాగన్లూ ఫిట్.