మైనస్‌లో సంక్రాంతి: షికాగో చలి కబుర్లు

సంక్రాంతి వచ్చిందంటే ఇక్కడ షికాగో శివార్లలో ముగ్గు ఇంట్లోనే. వాకిట్లో వేద్దామంటే వాకిలి కనబడదు. నేపర్‌విల్, అరోరా వైపు తెలుగిళ్లలో ఈ నెలంతా ఒకటే హడావుడి. గరాజ్‌లో ఉప్పు బస్తా ఉందా? కారు బ్యాటరీ పొద్దున్నే పలుకుతుందా? కరివేపాకు మొక్క బతికి ఉందా? ఆ మొక్కను చలి ముదరకముందే లోపలికి తెచ్చి దక్షిణం వైపు కిటికీ దగ్గర పెట్టుకుంటాం. జనవరి సగానికల్లా ఆకులు పచ్చబడి ఒక్కొక్కటే రాలిపోతాయి. పోపులోకి రెండు రెబ్బలు తుంచాలన్నా ప్రాణం ఒప్పదు. దోసెల పిండి బయట పెడితే పులియదు కనుక అవెన్ లోపల లైటు వేసి, గిన్నె రాత్రంతా అందులో ఉంచుతాం. తెల్లారేసరికి పిండి మూతను పైకెత్తి అంచుల మీదుగా కారుతుంటే, బయట ఎంత మంచున్నా సరే, ఇల్లు ఇల్లులా అనిపిస్తుంది.

ఈ రోజుల్లో ఎవరింటికి భోజనానికి వెళ్లినా మాట చలి మీదికే పోతుంది. ‘ఇదీ ఒక చలేనా, ఆ ఏడాది చూడాల్సింది’ అని పెద్దవాళ్లు మొదలుపెడతారు. ఎవరి ఏడాది వారిది.

ఊళ్లో పుట్టి పెరిగిన అమెరికన్ ముసలివాళ్లను అడిగితే మాత్రం మారు ఆలోచన లేకుండా 1967 అంటారు. ఆ జనవరి 24న షికాగోలో 65 డిగ్రీల ఫారెన్‌హీట్, అంటే మన లెక్కలో 18. చలికాలం వెళ్లిపోయిందా అనిపించే వాతావరణం. రెండు రోజులు తిరక్కుండా, 26వ తేదీ గురువారం తెల్లవారుజామున మంచు మొదలైంది. నాలుగంగుళాలు పడొచ్చన్నారు. అది మర్నాడు పదింటిదాకా ఆగలేదు. 23 అంగుళాలు పడింది, రెండడుగులకు ఒక్క అంగుళం తక్కువ. షికాగోలో ఒక్క తుఫానులో ఇంత మంచు అంతకు ముందు పడలేదు, ఆ తర్వాతా పడలేదు. వేల కార్లు, వందల బస్సులు నడిరోడ్డు మీద వదిలేసి జనం నడిచిపోయారు. నడవలేనివాళ్లు ఆఫీసుల్లో, స్కూళ్లలో, ముక్కూమొహం తెలియనివాళ్ల ఇళ్లలో పడుకున్నారు. ఎత్తిన మంచు పొయ్యడానికి చోటు లేక షికాగో నదిలో గుమ్మరించారు. ఖాళీ గూడ్సు పెట్టెల్లో నింపి, వెచ్చగా ఉండే దక్షిణాది వైపు పంపించారు కూడా.

మనవాళ్ల కబుర్లు 1979 నాటి పెద్ద మంచు దగ్గర మొదలవుతాయి. 1965 వలస చట్టంతో వీసాల తలుపులు తెరుచుకున్నాక వచ్చిన డాక్టర్లు, ఇంజినీర్లు అప్పటికి ఇక్కడ కాపురాలు పెట్టారు. అప్పట్లో రెసిడెన్సీ చేస్తున్న ఒక డాక్టరుగారు లెమాంట్ రామాలయంలో కనబడినప్పుడల్లా ఆ కథ చెబుతారు. డ్యూటీ మార్చుకోవాల్సినవాళ్లు రాలేకపోయారట, రెండు రాత్రులు వార్డులోనే గడిపారట. క్యాంటీన్‌లో రొట్టె తప్ప మరేం మిగల్లేదట. చెబుతున్నప్పుడు ఆ కళ్లలో ఇప్పటికీ గర్వం కనిపిస్తుంది. ఉండాల్సిందే మరి.

ఆ ఏడాది కొత్త సంవత్సరం నాడు పడిన మంచు కరగకముందే జనవరి 13, 14 తేదీల్లో ఇంకో 20 అంగుళాల దాకా పడింది. వీధులు మూసుకుపోయాయి, చెత్త ఎత్తే దిక్కు లేదు. మేయర్ మైకేల్ బిలాండిక్ మాత్రం అంతా సవ్యంగానే ఉందన్నారు. కార్లు స్కూళ్ల ఆవరణల్లో పెట్టుకోండి, అక్కడ మంచు తీయించాం అన్నారు. వెళ్లి చూస్తే తీసింది లేదు. అన్నిటికంటే కడుపు మండించిన సంగతి మరొకటి. ఊళ్లో తిరిగే ఎల్ రైళ్లు త్వరగా నడవాలని కొన్ని స్టేషన్లలో ఆపకుండా పోనిచ్చారు. అవి చాలావరకు నల్లజాతివారు ఉండే పేటలవి. గడ్డకట్టే ప్లాట్‌ఫారం మీద నిలబడ్డవాళ్ల ముందు నుంచి రైలు వెళ్లిపోయేది. ఫిబ్రవరి 27న పార్టీ ప్రైమరీ ఎన్నిక జరిగింది. బిలాండిక్ ఉద్యోగంలోంచి తీసేసిన జేన్ బర్న్ ఆయన్నే ఓడించి, షికాగోకు తొలి మహిళా మేయర్ అయ్యారు. ఓటర్లు చేసింది సబబే అంటాను. మంచు పడటం ఎవరి తప్పూ కాదు, ఎవర్ని వదిలేసి వెళ్లారన్నదానికి మాత్రం జవాబు చెప్పాల్సిందే.

షికాగోలో చలి రికార్డు 1985 జనవరి 20ది. మైనస్ 27 ఫారెన్‌హీట్, మన డిగ్రీల్లో దాదాపు మైనస్ 33. ఇంత చలి ఉన్న రోజున మామూలుగా పెద్ద మంచు పడదు, ఆకాశం నిర్మలంగా ఉంటుంది. పెద్ద మంచు రావాలంటే దక్షిణాన గల్ఫ్ నుంచి తేమ రావాలి, ఉత్తరపు చలిగాలి దానికి ఎదురవ్వాలి. పైగా ఈశాన్యపు గాలి మిషిగన్ సరస్సు మీదుగా వీచిందంటే ఊరికి మరికాస్త మంచు కలుస్తుంది.

2011 ఫిబ్రవరి 1, 2 తేదీల్లో సరిగ్గా అదే జరిగింది. 21 అంగుళాలు, మధ్యలో ఉరుములు. సరస్సు పక్కనే పోయే లేక్ షోర్ డ్రైవ్ మీద వందల కార్లు కూరుకుపోయాయి. జనం గంటల తరబడి వాటిలోనే ఉండిపోయారు.

మా తరానికి ‘ఆ ఏడాది’ అంటే 2019. ఆ జనవరి మొదట్లో ధ్రువం మీద తిరిగే చలిగాలి సుడి, అదే పోలార్ వోర్టెక్స్, చీలిపోయింది. నెలాఖరుకు దాని ముక్కొకటి మా నెత్తిన పడింది. 30వ తేదీ పొద్దున మైనస్ 23 ఫారెన్‌హీట్. గాలి కలిస్తే ఒంటికి తెలిసేది మైనస్ 50 కంటే కిందే. ఐదు నిమిషాలు చర్మం బయట పెడితే గడ్డకట్టే చలి అది. ఎండలో, వానలో తిరిగే పోస్టు కూడా ఆ రోజు ఆగిపోయింది. శివార్లకు తిరిగే మెట్రా రైళ్లు నడవడానికి, పట్టాలు మారే పాయింట్ల దగ్గర గ్యాస్ మంటలు పెట్టారు. చూసేవాళ్లకు పట్టాలే తగలబడుతున్నట్టుండేది. మర్నాడు మౌంట్ కారల్‌లో మైనస్ 38. ఇలినాయ్ రాష్ట్ర చరిత్రలోనే అది అతి తక్కువ.

ఆ చలిలో గుడారాల్లో పడుకునేవాళ్ల కోసం స్థానిక మహిళ ఒకరు తన డబ్బుతో హోటల్ గదులు తీసుకుంటే, సంగతి తెలిసి ఊళ్లోవాళ్లు డబ్బు, అన్నం, బట్టలు పంపారు. వందమందికి పైగా లోపల పడుకున్నారు. ఆ వారం గురించి ఎవరడిగినా మైనస్ 23 కంటే ముందు నేను చెప్పేది ఇదే. ఇంకో వారం తిరక్కముందే మంచు కరిగి రోడ్ల మీద నీళ్లు పారాయి.

ఇప్పుడు అసలు సంగతి. ఈ ఏడు కొత్తగా వచ్చిన పిల్లలకు, ఊరి నుంచి వచ్చిన అమ్మానాన్నలకు ఈ చలి కొత్త. మంచు పడిన ప్రతిసారీ ఫర్నేస్ గాలి పైపులు గోడ బయట ఎక్కడున్నాయో చూసి, చుట్టూ మంచు తీసేయండి. అవి మూసుకుంటే ఇంట్లోకి విషవాయువు చేరుతుంది, దానికి వాసన ఉండదు. కారు స్టార్ట్ చేసేముందు పొగ గొట్టం కూడా శుభ్రం చేయండి. యాభై దాటినవాళ్లు, గుండె జబ్బున్నవాళ్లు తడిమంచు ఎత్తకండి, పక్కింటి కుర్రాణ్ని పిలవండి. మీ వీధిలో పెద్దవాళ్లు ఒంటరిగా ఉంటే ఈ రాత్రే ఒక ఫోన్ చేయండి.