పేరుదేముంది, పెట్టేయొచ్చు!

నవలలు రాసేవాళ్ళకి కథ దొరకడం కష్టమని చాలామంది అనుకుంటారు. కథదేముందండీ, పక్కింటి పిట్టగోడ మీద నుంచి కూడా దొరుకుతుంది. కష్టమల్లా పేర్లతోనే. నాయికకి పేరు కుదరక నాలుగేసి రోజులు కలం ముట్టకుండా కూర్చున్న సందర్భాలున్నాయి నాకు. అలాంటిది, సైంటిస్టులు ఎంత చులాగ్గా పేర్లు పెట్టేస్తారో మొన్న ఆదివారం మా అమ్మాయి చెబుతుంటే కాస్త అసూయగానే అనిపించింది.

మా అమ్మాయి ఎమ్మెస్సీ జెనెటిక్స్ చదువుతోంది. నేనేమో బి.ఏ. తెలుగు. అంచేత ఇంట్లో సైన్సు ప్రసక్తి వస్తే అది వంటింట్లోనే, నేను కూర తరుగుతున్నప్పుడే, నాకు తెలిసిన మాటల్లోనే రావాలని మా మధ్య ఒప్పందం.

"అమ్మా, మాగిన అరటిపళ్ళ మీద ముసిరే సన్న ఈగలుంటాయి చూడు, వాటిలో ఒక జన్యువు పేరు టిన్‌మాన్" అంది, నేను తరిగిన క్యారెట్టు ముక్క నోట్లో వేసుకుంటూ.

"రేకుమనిషా? అదేం పేరే?"

"విజర్డ్ ఆఫ్ ఆజ్ కథలో గుండె లేని రేకుమనిషి ఒకడు, గుండె కావాలని బయల్దేరతాడుగా! ఈ జన్యువు చెడితే ఈగకి గుండె ఏర్పడదు. అందుకని ఆ పేరు."

చెప్పొద్దూ, ఈగకి గుండె ఉంటుందన్న సంగతే నాకు అప్పటిదాకా తెలీదు. ఈగల మీద పరిశోధన చేసేవాళ్ళలో అదొక ఆనవాయితీట. ఒక జన్యువు చెడిపోతే ఏ లోపం కనిపిస్తుందో, దాన్ని బట్టే పేరు పెట్టేస్తారు. మన ఊళ్ళలో కాలు కాస్త ఎగరేస్తే 'కుంటి సుబ్బయ్య' అనేసినట్టన్నమాట!

ఇంకా బోలెడు చెప్పింది. కర్ణాటక అడవుల్లో 2016లో ఒక కొత్త సాలీడుని గుర్తించారట. ఎండుటాకులా, వంగిన మొనతో ఉందట. చూడగానే హారీ పోటర్ కథల్లోని మంత్రాల టోపీ గుర్తొచ్చి, ఆ టోపీ అసలు యజమాని గ్రిఫిండార్ పేరు దానికి తగిలించారట.

"లూసీ సంగతి నాకూ తెలుసులే" అన్నాను, నా వంతుగా. అదొక్కటీ నేనెప్పుడో చదివాను. 1974 నవంబరులో ఇథియోపియాలో హదార్ అనే చోట డొనాల్డ్ జోహాన్సన్ అనే శాస్త్రజ్ఞుడికి నేల మీద ఒక ఎముక ముక్క కనిపించింది. వెతికిన కొద్దీ ఒకే ఆడమనిషి ఎముకలు, అస్థిపంజరంలో దాదాపు 40 శాతం దొరికాయి. పూర్తిగా మనిషి అనకూడదేమో, మనిషయ్యే దారిలో ఉన్న ఆవిడ. 32 లక్షల ఏళ్ళ కిందటిది. ఎత్తు మూడున్నర అడుగులు. ఆ రాత్రి గుడారాల్లో ఒకటే సంబరం. టేప్ రికార్డరులో బీటిల్స్ వాళ్ళ పాట. ఆ పాటలో లూసీ అనే పిల్ల. అంతే, ఈవిడకి ఆ పేరు ఖాయమైపోయింది. ఇథియోపియావాళ్ళు మాత్రం ఆవిడని 'దింకినేష్' అంటారు. 'నువ్వు అద్భుతం' అని అర్థం. రికార్డుల్లో ఆవిడకి ఎ.ఎల్. 288-1 అని నంబరు కూడా ఉంది. ఒట్టి ఆ నంబరే ఉండి ఉంటే నాలాంటిది ఆవిణ్ణి ఇన్నేళ్ళు గుర్తుపెట్టుకునేదా, మీరే చెప్పండి!

"అన్నిటికన్నా గొప్ప పేరు చెప్పనా? సోనిక్ హెడ్జ్‌హాగ్!" అంది మా అమ్మాయి.

నాకు నవ్వాగలేదు. చిన్నప్పుడు మా తమ్ముడు టీవీకి అతుక్కుపోయి ఆడిన వీడియో గేమ్ కదూ అది! ఒళ్ళంతా నీలిరంగు, వీపునిండా ముళ్ళు, ఒకటే పరుగు.

ఆ కథా ఈగలతోనే మొదలట. జర్మనీలో క్రిస్టియానే న్యూస్‌లైన్-ఫోల్‌హార్డ్ అనే ఆవిడా, ఎరిక్ వీషౌస్ అనే ఆయనా వేలకొద్దీ ఈగపిల్లల్ని పరీక్షించి 1980లో తమ పరిశోధన ప్రచురించారు. ఒక జన్యువు చెడిన పిల్లపురుగులకి ఒంటినిండా ముళ్ళలాంటి నూగు కనిపించింది. ముళ్ళున్న హెడ్జ్‌హాగ్ జంతువులా ఉందని ఆ పేరే పెట్టారు. 1995లో ఇద్దరికీ, మరొకాయనతో కలిపి, నోబెల్ బహుమతి కూడా వచ్చింది. ఈలోగా వెన్నెముక ఉన్న జీవుల్లోనూ అలాంటి జన్యువులే మూడు దొరికాయి. రెంటికి నిజం హెడ్జ్‌హాగ్‌ల పేర్లే పెట్టారు. అందులో ఒకటి 'ఇండియన్ హెడ్జ్‌హాగ్', మన దేశం పేరే! మూడో దానికి 1993లో ఈ వీడియో గేమ్ వీరుడి పేరు.

"మనలో కూడా ఉందా అది?"

"ఉందమ్మా. చేతివేళ్ళు వరసగా రావడానికీ, తల్లి కడుపులో బిడ్డ మెదడు రెండు భాగాలుగా విడివడడానికీ, ముఖం తీరుగా ఏర్పడడానికీ అది కావాలి."

"మరి అది చెడితే?"

అది క్యారెట్టు నమలడం ఆపింది. "మెదడు విడివడదు. ఈ ఒక్క కారణమే అనుకోకు, కొందరికి ఇదీ కారణం. జబ్బు తీవ్రంగా ఉంటే చాలామంది పిల్లలు పుట్టకముందే పోతారు. కొందరు పుట్టాక..."

కత్తిపీట పక్కకి జరిపేశాను. ఎక్కడో ఒక ఆస్పత్రి గదిలో, ఒళ్ళో బిడ్డతో ఒక తల్లి. ఎదురుగా డాక్టరు. "ఎందుకిలా అయింది డాక్టరుగారూ?" అని ఆవిడ అడుగుతుంది. ఆయన ఏమని చెప్పాలి? ఓ ఆటబొమ్మ పేరు చెప్పాలా? ఆ తల్లికి ఎలా ఉంటుంది?

పేరు పెట్టినవాళ్ళకి చెడ్డ ఉద్దేశం లేదు. ప్రయోగశాలలో సరదాగా పెట్టుకున్నారు. సాలీడుకి తన పేరేమిటో తెలీదు. లూసీ వినదు. కానీ ఈ పేరు ఒక తల్లి వినాలి. 2006లో, మనుషుల జన్యువుల పేర్లు ఖరారు చేసే అంతర్జాతీయ సంఘంవాళ్ళు ఇలా నొప్పించే పేర్లు కొన్ని మార్చడానికి పూనుకున్నారట. అయినా సోనిక్ మాత్రం పోలేదు. డాక్టర్లు కావాలంటే ఎస్.హెచ్.హెచ్. అని మూడక్షరాలతో ముగించొచ్చు, అంతే.

"క్యాన్సర్‌కి సంబంధించిన ఒక జన్యువుకి 2005లో పోకెమాన్ అని పెట్టారమ్మా. ఆ బొమ్మలవాళ్ళు కోర్టుకెళ్తామన్నారు. వెంటనే మార్చేశారు" అంది మా అమ్మాయి.

బొమ్మలవాళ్ళకి లాయర్లున్నారు. తల్లికి ఎవరున్నారు?

దీని మీద నాలుగు పదునైన మాటలు రాద్దామని ఆ మధ్యాహ్నం కాగితం ముందేసుకున్నాను. సైంటిస్టులని దులిపేద్దామని! సగం పేజీ రాశాక కలం ఆగిపోయింది. మా ఆడపడుచు గుర్తొచ్చింది.

2002లో నేను కాపురానికి వచ్చేసరికి తనకి పంతొమ్మిదేళ్ళు. ఏం చెప్పినా వీధి చివరిదాకా వినపడేది. "వదినా, కాఫీ!" అంటే ఎదురింటివాళ్ళు కూడా గ్లాసు పట్టుకొచ్చేలా ఉండేది. కొత్త కోడల్ని, అందరినీ నవ్వించాలన్న తాపత్రయం నాది. ఒకరోజు భోజనాల దగ్గర "ఇదుగో మనింటి సూర్యకాంతం" అన్నాను. పళ్ళేల ముందు అందరూ పొలమారేలా నవ్వారు. తనూ నవ్వింది.

ఆ మహానటి తెర బయట ఎంత మంచి మనిషైనా, తెర మీది గయ్యాళితనం వల్ల ఆ పేరు ఆడపిల్లలకి పెట్టడమే మానేశారంటారు. అలాంటి పేరు నేను పెళ్ళికావలసిన పిల్లకి ఉత్తపుణ్యానికి తగిలించాను. వారం తిరక్కుండా అది వీధంతా పాకింది.

మరుసటేడు పెళ్ళిచూపులు. పెళ్ళివారు హాల్లో కూర్చున్నారు. మా బావగారి ఐదేళ్ళ పిల్లాడు లోపలికి పరిగెత్తుతూ, "సూర్యకాంతం అత్తా! నిన్ను రమ్మంటున్నారు!" అని కేకేశాడు. పెళ్ళికొడుకు తల్లి ఫలహారం పళ్ళెం కింద పెట్టేసింది. ఆ సంబంధం మళ్ళీ తిరిగి రాలేదు.

నన్ను ఎవరూ ఏమీ అనలేదు. తనూ అనలేదు. కానీ ఆ రోజు నుంచి తన గొంతు తగ్గిపోయింది. చాలా రోజుల తర్వాత మా అత్తగారు మాటల్లో అన్నారు, "వాళ్ళ నాయనమ్మకి బొత్తిగా వినపడేది కాదమ్మా. పదేళ్ళూ ఇదే కనిపెట్టుకుని ఉండేది. ఆ అలవాటు, గట్టిగా మాట్లాడ్డం" అని. నేను వచ్చేసరికి ఆ పెద్దావిడ లేరు. లోపమనుకుని నేను పేరు పెట్టింది ఓ ముసలావిడ మీద ఆ పిల్లకున్న ప్రేమకి!

తర్వాత మంచి సంబంధమే వచ్చింది. ఇద్దరు పిల్లలతో చల్లగా ఉంది. ఇన్నేళ్ళలో పండక్కి చీరలు పెట్టాను, పురుళ్ళకి వెళ్ళాను. క్షమించమని మాత్రం అడగలేదు. తన అసలు పేరు ఇక్కడ రాయను. ఆ పిల్ల పేరుతో నేను ఆడుకున్నది చాలు.

కాగితం మడిచి ఫోను తీశాను.

"ఏం వదినా, ఈ వేళప్పుడు?" అంది, ఆ చిన్న గొంతుతోనే.

చెప్పాలనుకున్నవన్నీ కూడబలుక్కునే ఉన్నాను. నవలల్లో ఇలాంటి ఘట్టాలు పేజీలకి పేజీలు రాసినదాన్ని! తీరా నోరు తెరిస్తే, ఏం గొణిగానో నాకే తెలీదు.

"కాస్త గట్టిగా మాట్లాడు వదినా" అంది తను. "ఏమీ వినపడటం లేదు."